భూగర్భ రహస్యం తెలిపిన నేలకే భద్రత కరవు

1897 జూన్ 12. సాయంకాలం ఐదు గంటలు దాటింది. నాటి అస్సాం రాష్ట్రానికి రాజధానిగా ఉన్న షిల్లాంగ్‌లో బ్రిటిష్ ప్రభుత్వం రాతితో కట్టించిన కచేరీలు, బంగళాలు, ప్రార్థనా మందిరాలు చూస్తూ ఉండగానే రాళ్ల గుట్టలుగా మారిపోయాయి. బ్రహ్మపుత్ర లోయలో నేల బీటలువారి ఇసుక, నీరు పైకి చిమ్మాయి. ఎంతో దూరాన ఉన్న కలకత్తాలోనూ భవనాలు దెబ్బతిన్నాయి. సుమారు 1,500 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ భూకంప తీవ్రత 8కి పైబడి ఉంటుందని నేటి శాస్త్రజ్ఞుల అంచనా.

ఆ విషాదమే ప్రపంచ విజ్ఞానానికి ఒక మహత్తర సత్యాన్ని అందించింది. భూమి పైనుంచి కిందివరకు ఒకే రాతి ముద్ద కాదనీ, దాని నడుమ పూర్తిగా భిన్నమైన పదార్థంతో కూడిన కేంద్రం ఉన్నదనీ రుజువు చేసే దారి ఆ భూకంపం అధ్యయనంతోనే తెరుచుకుంది. పాఠశాల పుస్తకాల్లో నేడు పిల్లలు చదువుకునే భూమి పొరల చిత్రానికి తొలి గీతలు భారతదేశంలోనే పడ్డాయన్న మాట. అయితే, ఆ జ్ఞానాన్ని తన ప్రజల రక్షణకు వినియోగించుకోవడంలో మాత్రం ఈ దేశం ఎంతో వెనుకబడి ఉంది.

ప్రకంపనల భాష

నాటి భూకంపాన్ని పరిశోధించిన అధికారి రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్. 1851లో నెలకొన్న జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు తొలి అధిపతి అయిన థామస్ ఓల్డ్‌హామ్ కుమారుడాయన. కొండలు, లోయలు తిరిగి నష్టాన్ని నమోదు చేసిన ఆయన 1899లో సవివరమైన నివేదికను వెలువరించారు. ఆయన పని అక్కడితో ఆగలేదు. అస్సాంలో పుట్టిన ప్రకంపనలను వేల కిలోమీటర్ల దూరాన ఇటలీ వంటి దేశాలలోని పరికరాలు నమోదు చేశాయి. ఆ నమోదులను ఆయన పోల్చి చూశారు. ఒకే భూకంపం మూడు విడతలుగా చేరుతున్నట్లు తేలింది. మొదట వేగంగా వచ్చేవి ప్రాథమిక తరంగాలు. అవి ధ్వని మాదిరిగా పదార్థాన్ని నొక్కుతూ, వదులుతూ సాగిపోతాయి. వాటి వెనుక వచ్చే ద్వితీయ తరంగాలు పదార్థాన్ని అడ్డంగా ఊపుతాయి. చివరగా భూమి ఉపరితలాన్ని పట్టుకుని సాగే తరంగాలు చేరతాయి.

భారతదేశంలో ఉద్యోగ విరమణ చేసి ఇంగ్లండు వెళ్లిన తరువాత, 1906లో ఓల్డ్‌హామ్ మరో అడుగు ముందుకు వేశారు. భూమికి ఒక వైపున పుట్టిన తరంగాలు ఎదుటి వైపునకు చేరడానికి లెక్కకు మించిన ఆలస్యం జరుగుతోందని గమనించారు. నడుమ వాటి వేగాన్ని తగ్గించే వేరొక పదార్థం ఉంటే తప్ప ఇది సాధ్యం కాదు. ఆ విధంగా భూకేంద్రం ఉనికికి తొలిసారిగా ఆధారం లభించింది.

ఆపై ఒక్కొక్క పొర బయటపడుతూ వచ్చింది. 1909లో క్రొయేషియా శాస్త్రజ్ఞుడు మొహొరోవిచిచ్ భూపటలం అడుగు అంచును గుర్తించారు. కేంద్రం సుమారు 2,900 కిలోమీటర్ల లోతున మొదలవుతుందని జర్మనీకి చెందిన గూటెన్‌బర్గ్ లెక్కగట్టారు. ద్వితీయ తరంగాలు ద్రవంలో ప్రయాణించలేవు. అవి కేంద్రాన్ని దాటి రావడం లేదు కనుక అది ద్రవమని 1926లో ఇంగ్లండుకు చెందిన జెఫ్రీస్ నిరూపించారు. ఆ ద్రవం నడుమ మళ్లీ ఘనమైన గోళం ఉందని డెన్మార్కు శాస్త్రజ్ఞురాలు ఇంగె లేమన్ 1936లో ప్రకటించారు.

మనిషి స్వయంగా చూసి వచ్చిన లోతు మాత్రం బహు స్వల్పం. సోవియట్ యూనియన్ కోలా ద్వీపకల్పంలో దాదాపు రెండు దశాబ్దాలు తవ్విన బావి 1989 నాటికి 12,262 మీటర్లకు చేరింది. భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు. అంటే ఆ బావి అయిదు వందల వంతుల్లో ఒక వంతు దూరం కూడా పోలేదు. మిగిలినదంతా భూకంపాలు చెప్పగా తెలుసుకున్నదే.

ధూళి నుంచి గోళం

ఈ పొరలు ఎలా ఏర్పడ్డాయో తెలుసుకోవాలంటే సౌరకుటుంబం పుట్టుక వద్దకు వెళ్లాలి. సుమారు 460 కోట్ల సంవత్సరాల క్రితం వాయువు, ధూళితో కూడిన ఒక మహామేఘం తన బరువుకు తానే కుంచించుకుపోయింది. అందులో అధిక భాగం నడుమకు చేరి సూర్యుడైంది. సౌరకుటుంబం మొత్తం ద్రవ్యరాశిలో 99.8 శాతం సూర్యునిదే. మిగిలిన కొద్దిపాటి పదార్థం చుట్టూ తిరుగుతూ ముద్దలు కట్టి గ్రహాలుగా మారింది. సూర్యునికి చేరువలో వేడికి తట్టుకోగల రాయి, లోహం మిగిలి బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు ఏర్పడ్డాయి. దూరాన వాయువులు, మంచు పోగుపడి గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్ అయ్యాయి. తొమ్మిదవదిగా ఎంచిన ప్లూటోను అంతర్జాతీయ ఖగోళ సంఘం 2006లో మరుగుజ్జు గ్రహాల జాబితాకు మార్చడంతో గ్రహాల సంఖ్య ఎనిమిదికి తగ్గింది.

సూర్యునికి 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న భూమి తన తొలినాళ్లలో కరిగిన గోళం. ఉల్కల తాకిడి, రేడియోధార్మికత పుట్టించిన వేడికి కరిగిన ఆ ముద్దలో బరువైన ఇనుము, నికెల్ నడుమకు దిగిపోయాయి. తేలికైన రాతి పదార్థం పైకి తేలింది. భూమి మొత్తం సగటు సాంద్రత నీటికంటె 5.5 రెట్లు ఎక్కువ కాగా, ఉపరితలంపై దొరికే సాధారణ శిలల సాంద్రత అందులో సగం మాత్రమే కావడానికి కారణం ఇదే.

నేడు భూమి నిర్మాణం ఇలా ఉంది. అన్నిటికంటె పైన భూపటలం. సముద్రాల అడుగున ఇది ఏడెనిమిది కిలోమీటర్ల మందం. దక్షిణ భారత పీఠభూమి కింద 35 నుంచి 40 కిలోమీటర్లు. టిబెట్ కింద సుమారు 70 కిలోమీటర్లు. దాని దిగువన 2,900 కిలోమీటర్ల లోతు వరకు ప్రావారం వ్యాపించి ఉంది. అది ఘనమైనదే అయినా విపరీతమైన వేడి, ఒత్తిడి వల్ల లక్షల ఏళ్ల వ్యవధిలో చిక్కని పాకంలా కదులుతుంది. ఆ కింద ద్రవరూపంలోని బాహ్య కేంద్రం, నడుమ సుమారు 1,220 కిలోమీటర్ల వ్యాసార్ధం గల ఘన కేంద్రం ఉన్నాయి. అక్కడి వేడి సూర్యుని ఉపరితలంపై వేడికి దాదాపు సమానం.

ఇంత లోతున ఉన్న దానితో మనిషికి పని ఏమిటని తోచవచ్చు. బాహ్య కేంద్రంలో ద్రవ ఇనుము నిరంతరం కదలడం వల్లనే భూమికి అయస్కాంత క్షేత్రం కలిగింది. సూర్యుని నుంచి దూసుకువచ్చే విద్యుదావేశ కణాలను అది దారి మళ్లిస్తుంది. అటువంటి కవచాన్ని ఏనాడో కోల్పోయిన కుజునికి నేడు మిగిలిన వాతావరణం భూ వాతావరణంలో ఒక శాతం పాటి మాత్రమే. గాలి, నీరు, పంట, ప్రాణి అన్నీ కాళ్లకింది పొరలతో ముడిపడినవే.

పరుగు తీసిన ఫలకం

భూపటలం, దానికి అంటుకుని ఉన్న ప్రావారపు పైభాగం కలిసి ముక్కలు ముక్కలుగా ఉంటాయి. వీటినే ఫలకాలంటారు. భారత ఉపఖండాన్ని మోస్తున్న ఫలకం చరిత్ర విచిత్రమైనది. ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియాలతో కలిసి ఒకప్పుడు ఇది ఒకే మహాఖండంలో భాగం. మధ్య భారతంలో గోండుల సీమలోని శిలలను బట్టే ఆ ఖండానికి గోండ్వానా అన్న పేరు వచ్చింది. గోదావరి లోయలోని సింగరేణి బొగ్గు ఆనాటి అడవుల అవశేషమే.

ఆ ఖండం నుంచి విడివడిన భారత ఫలకం అసాధారణ వేగంతో ఉత్తరానికి సాగింది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు జర్మనీ పరిశోధకులతో కలిసి 2007లో దీనికి ఒక కారణం సూచించారు. గోండ్వానాలోని ఇతర ఖండాల అడుగు 180 నుంచి 300 కిలోమీటర్ల మందం ఉండగా, భారత ఫలకం మందం సుమారు 100 కిలోమీటర్లేనని వారు కనుగొన్నారు. అడుగుభాగం కరిగిపోయి తేలికపడటం వల్లనే ఇది అంత వేగంగా సాగగలిగిందని వారి వాదన. దారిలో, సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం, లోపలి నుంచి పొంగిన లావా పొరలు పొరలుగా పరుచుకుని దక్కన్ నాపలను నిర్మించింది. మహారాష్ట్ర నుంచి తెలంగాణ అంచుల వరకు పత్తి పండించే నల్లరేగడి ఆ రాతి నుంచి పుట్టిందే.

సుమారు అయిదు కోట్ల ఏళ్ల క్రితం ఈ ఫలకం ఆసియాను ఢీకొంది. నడుమ ఉన్న సముద్రం అడుగు ముడతలుపడి హిమాలయాలుగా లేచింది. గుద్దుకోవడం నేటికీ ఆగలేదు. ఏడాదికి అయిదు సెంటీమీటర్ల చొప్పున ఫలకం ఇంకా ఉత్తరానికి జరుగుతూనే ఉంది. ఆ ఒత్తిడి శిలల్లో దశాబ్దాల తరబడి పేరుకుని, ఒక్కసారిగా విడుదలైనప్పుడు భూకంపం వస్తుంది. 1905లో కాంగ్రా, 1934లో బీహార్–నేపాల్, 1950లో అస్సాం, 2005లో కాశ్మీరం, 2015లో నేపాల్ అన్నీ ఈ ఒత్తిడి ఫలితాలే.

స్థిరమన్న భ్రమ

హిమాలయ ప్రాంతానికి భూకంప భయం ఉందని అందరూ అంగీకరించినా, దక్షిణాది పీఠభూమి మాత్రం కదలని పురాతన శిలాఫలకమని చాలాకాలం నమ్మకం ఉండేది. 1967 డిసెంబరు 11 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కొయినా ఆ నమ్మకాన్ని తొలిసారి కుదిపింది. 6.3 తీవ్రతతో వచ్చిన భూకంపం సుమారు 200 మందిని బలిగొంది. 1962లో నీరు నింపడం మొదలుపెట్టిన కొయినా జలాశయమే ఈ ప్రకంపనలకు ప్రేరణ అన్నది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆనాటి నుంచి అక్కడ చిన్నా పెద్దా ప్రకంపనలు వస్తూనే ఉన్నాయి. వాటి పుట్టుకను దగ్గరనుంచి పరిశీలించేందుకు కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ అక్కడ సుమారు మూడు కిలోమీటర్ల లోతైన పరిశోధక బావి వేయించింది.

కొయినాకు జలాశయం కారణమని సరిపెట్టుకున్నవారికి కిల్లారి సమాధానం చెప్పింది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజాము నాలుగు గంటలకు కొద్ది నిమిషాల ముందు లాతూరు, ఉస్మానాబాద్ జిల్లాలు వణికిపోయాయి. ముందురోజు వినాయక నిమజ్జనం ముగించుకుని అలసి నిద్రించిన జనం మేలుకునేలోగా ఇళ్లు మీదపడ్డాయి. మృతుల సంఖ్య పదివేలకు చేరువైంది. ప్రకంపనలు హైదరాబాద్ వరకు తెలిశాయి. తీవ్రత చూస్తే 6.2 మాత్రమే. హిమాలయ భూకంపాలతో పోలిస్తే విడుదలైన శక్తి ఎంతో తక్కువ.

ఇంతటి ప్రాణనష్టానికి కారణాలు రెండు. భూకంపం లోతు తక్కువ కావడంతో దెబ్బ నేరుగా ఉపరితలానికి తగిలింది. అంతకంటె ముఖ్యమైనది ఇళ్ల నిర్మాణం. గుండ్రాళ్లను మట్టితో పేర్చి కట్టిన మందపాటి గోడలు, వాటిపై దూలాలు, ఆపైన ఎండను ఆపేందుకు మందంగా పరిచిన మట్టి. వేసవిలో చల్లగా ఉంచే ఆ కప్పులే ఆ రాత్రి సమాధులయ్యాయి. అప్పటి అధికారిక పటంలో కిల్లారి అతి తక్కువ ప్రమాదం గల ఒకటవ మండలంలో ఉండటం గమనార్హం. పటం భయం లేదన్న చోటనే పదివేల మంది చనిపోయారు.

తరువాత కిల్లారి వద్ద వేసిన పరిశోధక బావిలో నల్లరాతి పొర సుమారు 340 మీటర్లకే ముగిసి, అడుగున పురాతన శిలలు కనిపించాయి. పైన పరచుకున్న లావా దుప్పటి కింద పాత పగుళ్లు దాగి ఉన్నాయని, హిమాలయం వద్ద పుట్టే ఒత్తిడి ఫలకం లోపలి బలహీన స్థానాలనూ చేరగలదని శాస్త్రజ్ఞుల నిర్ధారణ. 2002లో భారత ప్రమాణాల సంస్థ పటాన్ని సవరించి ఒకటవ మండలాన్ని పూర్తిగా తొలగించింది. భూకంప భయం బొత్తిగా లేని ప్రాంతం దేశంలో లేదని ఆ విధంగా అధికారికంగానే ఒప్పుకున్నట్లయింది. దేశ విస్తీర్ణంలో సుమారు 59 శాతం ఓ మోస్తరు నుంచి అతి తీవ్ర భూకంపాలకు లోనయ్యే ప్రాంతమని ప్రభుత్వం పార్లమెంటుకు పలుమార్లు తెలియజేసింది.

గోదావరి లోయ ఇందుకు మినహాయింపు కాదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలోను, 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతోను భూమి కంపించింది. బొగ్గు నిక్షేపాలను దాచిన ఆ పురాతన పగులు లోయలో ఒత్తిడి నేటికీ సద్దుమణగలేదు.

కూలింది నేల కాదు, నిర్మాణం

భూకంపం ఆర్థిక వ్యవస్థపై వేసే దెబ్బకు 2001 జనవరి 26 నాటి భుజ్ నిదర్శనం. 13,800 మందికి పైగా మరణించారు. పది లక్షలకు పైగా ఇళ్లు కూలిపోవడమో, దెబ్బతినడమో జరిగింది. ఆస్తి నష్టం సుమారు 9,900 కోట్ల రూపాయలని ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు సంయుక్తంగా అంచనా వేశాయి. భూకంప కేంద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో సైతం బహుళ అంతస్తుల భవనాలు నేలకూలాయి. కింది అంతస్తును వాహనాలు నిలిపేందుకు గోడలు లేకుండా కేవలం స్తంభాలపై వదిలేసినవి వాటిలో అనేకం. 2015లో నేపాల్‌కు వాటిల్లిన నష్టం ఆ దేశ వార్షికోత్పత్తిలో మూడో వంతుకు సమానం. సుమారు 9,000 మంది ప్రాణాలు పోయాయి.

ఈ నష్టం విధిలిఖితం కాదు. పునాది మట్టంలో, తలుపులు, కిటికీల పై మట్టంలో, కప్పు మట్టంలో గోడలను చుట్టి కట్టే కాంక్రీటు పట్టీలు, మూలల్లో నిలువుగా అమర్చే ఇనుప కడ్డీలు సామాన్యుని ఇంటిని సైతం కాపాడగలవు. ఇందుకయ్యే అదనపు వ్యయం కూలిన ఇంటిని తిరిగి కట్టే వ్యయంలో స్వల్ప భాగం. భూకంపాలను తట్టుకునే నిర్మాణాలపై దేశంలో 1962 నుంచే ప్రమాణాలున్నాయి. కొరవడింది అమలు. భవనాలకు అనుమతులిచ్చే అధికారం స్థానిక సంస్థలది. నమూనా పత్రంపై ఇంజనీరు సంతకం చూసి ముద్ర వేయడమే తప్ప, స్తంభంలో ఇనుము ఎంత పడిందో చూసే యంత్రాంగం చాలా పట్టణాల్లో లేదు. పల్లెల్లో ప్రజలు సొంతంగా కట్టుకునే ఇళ్లకు సలహా చెప్పేవారే కరవు.

విజ్ఞానం ఆచరణగా మారితే ఫలితం ఎలా ఉంటుందో 1897 భూకంపమే చూపింది. రాతి కట్టడాలన్నీ కూలిన తరువాత ఈశాన్యంలో అస్సాం తరహా ఇళ్లు వ్యాపించాయి. చెక్క చట్రం, ఇక్రా అనే రెల్లును అల్లి పూతపూసిన తేలికపాటి గోడలు, పైన రేకుల కప్పు. భూమి ఊగితే ఇల్లు కూడా ఊగుతుందే కాని విరిగి మీదపడదు. నేడు గువాహటి, షిల్లాంగ్ నగరాల్లో స్థలాల ధరలు పెరిగి ఆ ఇళ్లు ఒక్కొక్కటిగా కనుమరుగవుతున్నాయి. వాటి చోట కొండవాలులపై కాంక్రీటు అంతస్తులు లేస్తున్నాయి. తాతలు నేర్చిన పాఠాన్ని మనుమలు మరచిపోతున్నారు.

కొన్ని క్షణాల విలువ

భూకంపాన్ని ముందుగా చెప్పగల విద్య నేటికీ ప్రపంచంలో ఎవరివద్దా లేదు. అయితే ఓల్డ్‌హామ్ గుర్తించిన తరంగాల తేడాయే కొన్ని క్షణాల గడువు ఇవ్వగలదు. భూపటలంలో ప్రాథమిక తరంగాలు సెకనుకు సుమారు ఆరు కిలోమీటర్లు, విధ్వంసం సృష్టించే ద్వితీయ తరంగాలు సుమారు మూడున్నర కిలోమీటర్ల వేగంతో సాగుతాయి. మొదటివాటిని పసిగట్టి వెంటనే హెచ్చరిక పంపితే, దూరాన ఉన్న నగరానికి పదుల సెకన్ల వ్యవధి దొరుకుతుంది. రైలును నెమ్మదింపజేయడానికి, గ్యాసు సరఫరా ఆపడానికి, బడి పిల్లలు బల్లల కింద చేరడానికి అది చాలు. ఐఐటీ రూర్కీ రూపొందించిన ఇటువంటి ఏర్పాటును ఉత్తరాఖండ్ ప్రభుత్వం 2021లో ప్రజల సెల్‌ఫోన్లకు అందుబాటులోకి తెచ్చింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో దేశంలో పదివేల మందికి పైగా మరణించిన తరువాత, 2007లో హైదరాబాద్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పడింది. సంకల్పముంటే ఆచరణ అసాధ్యం కాదని ఈ రెండూ చాటుతున్నాయి.

షిల్లాంగ్ శిథిలాల నడుమ మొదలైన పద్ధతి నేడు భూమిని దాటిపోయింది. కుజునిపై 2018లో దిగిన అమెరికా నౌక ఇన్‌సైట్ అక్కడి ప్రకంపనలను నమోదు చేసి, ఆ గ్రహ కేంద్రం ద్రవమని తేల్చింది. 2023 ఆగస్టులో చంద్రయాన్–3తో వెళ్లిన ఇల్సా పరికరం చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతపు నేల కదలికలను ఆలకించింది. చంద్రునిపై ప్రకంపనలు వినగల దేశానికి, తన పల్లెలోని గోడకు ఒక కాంక్రీటు పట్టీ వేయించడం తలకు మించిన పని కాదు.

ఫలకం తన దారిన తాను సాగిపోతూనే ఉంటుంది. ఏడాదికి అయిదు సెంటీమీటర్ల ఆ నడకను ఆపగల శక్తి ఎవరికీ లేదు. తరువాతి భూకంపం ఎక్కడ, ఎప్పుడు వస్తుందో తెలియకపోవచ్చు. అది వచ్చినప్పుడు కూలే ఇళ్లు ఏవో మాత్రం నేడే తెలుసు. వాటిని గుర్తించి బలపరచడం, కొత్తవాటిని ప్రమాణాల ప్రకారమే కట్టించడం ప్రభుత్వాల చేతిలోని పని. ఆ పని జరగనంతకాలం కిల్లారి వంటి తెల్లవారుజాము మరో ఊరికి పొంచి ఉన్నట్లే.